సత్తయ్య మామ బీరు ఎందుకు పేలింది

ఈ సంగతి నేను రాయకపోతే దాని అసలు రూపం ఇక ఎక్కడా మిగలదు. అది తెలిసినవాళ్లం ఇద్దరమే. ఒకాయన పోయిన నెల పోయాడు. రెండోవాణ్ని నేను. మేముండే ఈ పరాయిదేశపు ఊరు షామ్‌బర్గ్‌లో మా వయసు తెలుగువాళ్లు నలుగురు కూడిన చోట ‘బాంబుల సత్తయ్య’ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంట్లో బీరు కాచుకుని, ఆగలేక, పని పూర్తికాకముందే సీసాల్లో పోసి మూతలు బిగించిన ఒక పల్లెటూరి మనిషి కథ అది. చెప్పేవాడి హుషారునుబట్టి పేలిన సీసాల సంఖ్య పెరుగుతూ ఉంటుంది. విన్న ప్రతిసారీ నేనూ నవ్వాను. చివరికి ఆయన పెద్దకర్మ భోజనాల్లో కూడా ఆ కథ వచ్చింది, అక్కడా నేను నోరు తెరవలేదు. ఈ పుస్తకంలో మిగతా అధ్యాయాలు నాకోసం రాసుకున్నవి. వాటిని ఎవరు చదివినా చదవకపోయినా నాకు పట్టింపు లేదు. ఇది మాత్రం చదవమని అడుగుతున్నాను.

ఆ భోజనాలు సత్తయ్య మామ చెల్లెలు పద్మక్క ఇంట్లో జరిగాయి. ఆమె ఇక్కడి ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. రఘు ఆష్‌బర్న్ నుంచి విమానంలో వచ్చాడు. ఒకప్పుడు సత్తయ్య మామ, రఘు, నేను ఒకే ఇంట్లో అద్దెకు ఉండేవాళ్లం. ఇప్పుడు రఘుకు నెత్తిన జుట్టు లేదు, డేటా సెంటర్లలో పెద్ద ఉద్యోగం ఉంది, గరాజ్‌లో బీరు కాచే స్టీలు ట్యాంకు ఉంది. చుట్టూ చేరిన కుర్రవాళ్లకు పేపర్ ప్లేటు చేత్తో పట్టుకునే చెబుతున్నాడు.

“నా ట్యాంక్‌లో చిన్న ఫ్లోట్ ఉంటుంది, బ్లూటూత్‌ది. షుగర్ ఎంత మిగిలిందో గంటకోసారి ఫోన్‌కి పంపిస్తుంది. గ్రాఫ్ ఫ్లాట్ అయితేనే బాటిల్ చేస్తా. మన సత్తయ్య మామకి అంత పేషెన్స్ ఎక్కడిది? కల్లు అలవాటు కదా. పొద్దున దించితే సాయంత్రానికి ఖాళీ. బీరు కూడా అంతే అనుకున్నాడు!”

“ఎన్ని పేలాయి అంకుల్?” అని ఒకబ్బాయి అడిగాడు.

“నలభై ఎనిమిదికి నలభై ఎనిమిది! ఫైర్ ఇంజిన్ ఒక్కటే తక్కువ.” రఘు నావైపు తిరిగాడు. “నాగేశ్, నువ్వున్నావు కదా ఆ రోజు?”

“ఉన్నాను. ఆ పప్పు ఇటివ్వు,” అన్నాను.

పేలినవి పదకొండు. ఆ గాజుముక్కలు ఊడ్చినవాణ్ని, నాకు తెలియకపోవడమేం. పద్మక్క వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. ఆమె నవ్వలేదు. “నేనెన్నిసార్లు తిట్టిన్నో తెల్వదు తమ్ముడూ,” అంది నాతో. “ఎందుకంత తొందరపడ్డవ్ అన్నా, ఒక్క వారం ఆగితే ఏం పోయె అంటే, ఊకె నవ్వెటోడు.” నేను బయల్దేరుతుంటే వెనకాలే కారు దాకా వచ్చి, పొడుగాటి అట్టగొట్టం ఒకటి చేతిలో పెట్టింది. “అన్న బట్టల పెట్టెల దొరికింది. ఇది నీదేనంట. ఎప్పుడో చెప్పిండు, లైబ్రరీ సారుకియ్యాలె అని.” అందులో ఏముందో గొట్టం పట్టుకోగానే తెలిసింది. ఇంటికి వచ్చాక కూడా దాన్ని విప్పడానికి నాలుగు రోజులు పట్టింది.

ముప్పై ఏళ్ల కిందట మేమున్న ఇల్లు, నేనూ మామా పనిచేసే రెస్టారెంటుకు నడిచి వెళ్లేంత దూరం. పైన మూడు ఇరుకు గదులు, కింద బేస్‌మెంటు. నాది దోసె పెనం దగ్గర పని, సత్తయ్య మామది గిన్నెలు కడిగే తొట్టి దగ్గర పని. రఘు సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటు. సోమవారం తెల్లవారుజామునే విమానమెక్కి వేరే ఊళ్లో క్లయింటు దగ్గరికి పోయేవాడు, గురువారం సాయంత్రానికి తిరిగి వచ్చేవాడు. వాడి గది తలుపు తీస్తే సెంటు వాసన. నా గదిలో, ఎన్నిసార్లు ఉతికినా పోని నూనె వాసనా, పులిసిన పిండి వాసనా. మామ గదిలో గిన్నెల సబ్బు వాసన. నెలకోసారి, మామ బీరు కోసం మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, మరిగించిన రోజున, ఈ మూడింటినీ తొక్కేసి ఇల్లంతా వేయించిన గింజల పాయసం వాసన నిండిపోయేది. మర్నాటి నుంచి బేస్‌మెంటు మెట్ల మీదుగా ఈస్టు వాసన మెల్లగా పైకి ఎక్కి వచ్చేది. ఈ వయసులో నాకు ముక్కు సరిగా పనిచేయడం లేదు. కాని ఆ మెట్ల దగ్గరి వాసన తలుచుకుంటే వస్తుంది.

మామ నాకు చుట్టం కాదు. జనగామ వైపు మనిషి. తాత, తండ్రి, ఆయన, ముగ్గురూ తాళ్లెక్కి కల్లు దించినవాళ్లే. భార్య పోయాక, పిల్లలు లేని అన్న ఒంటరిగా ఎందుకని పద్మక్క పిలిపించుకుంది. కాని “చెల్లె ఇంట్ల కూసోని తింటే బువ్వ దిగది” అని ఈ ఇంట్లో చేరాడు. అంతంత తాళ్ల మీంచి ఒక్కసారి కూడా జారని మనిషి, మొదటి చలికాలంలో రెస్టారెంటు పార్కింగ్ లాట్‌లో మంచు మీద నాలుగుసార్లు పడ్డాడు. లేచిన ప్రతిసారీ వెనక్కి తిరిగి ఆ నేలను తిట్టేవాడు. పొద్దున అయిదింటికి లేచి, చన్నీళ్లతో మొహం కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని, వట్టికాళ్లతో ఆ చల్లటి సిమెంటు మెట్లు దిగి బేస్‌మెంటుకు పోయేవాడు. అక్కడ బీరు పులుస్తున్న బకెట్ మూతకు చెవి ఆనించి కాసేపు అలా ఉండేవాడు. పైకి వచ్చి బెల్లం వేసిన నల్లటీ తాగేవాడు. ఆ టీ గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎవరితోనూ మాట ఉండేది కాదు.

బీరు కాయడం ఆయనకు పక్కింటి స్టాన్ నేర్పాడు. స్టాన్ పోలిష్ ముసలాయన. ఇద్దరికీ కలిసిన భాష ఒక్కటీ లేదు. కంచెకు అటొకరూ ఇటొకరూ నిలబడి చేతులతోనే గంటసేపు మాట్లాడుకునేవారు. మొదటి బకెట్టు, మూతలు బిగించే రెండు పిడుల యంత్రం, ఈస్టు పొట్లం స్టాన్ ఇచ్చినవే. నాలుగు దఫాలు కాచేసరికి స్టాన్ కంచె దాటి వచ్చి మామ బీరు తాగి వెళ్లడం మొదలుపెట్టాడు. “కల్లు మనకోసం ఆగది సారూ, మనమే ఉరకాలె,” అని మామ నాకు చెప్పేవాడు. “ఇది ఉల్టా. ఇది అయ్యేదాంక మనం ఆగాలె.”

సీసాల్లో పోయడానికి బీరు సిద్ధమైందో లేదో ఆయన మూడు రకాలుగా చూసేవాడు. మొదట చెవి. మూత మీది చిన్న నీటిబుడ్డిలోంచి గాలి బుడగలు వస్తుంటాయి, వాటి చప్పుడు మధ్య ఎడం ఎంతుందో వినేవాడు. తర్వాత ముక్కు. పని నడుస్తున్నప్పుడు పచ్చి జామకాయ కోసినట్టు వాసన వస్తుంది, అది పోవాలి. చివరిది, ఆయన అసలు నమ్మేది, వేళ్లు. ఒక చుక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వేసుకుని ఆరేదాకా రుద్ది, మెల్లగా విడదీసేవాడు. వేళ్లు అంటుకుంటే తీపి ఇంకా మిగిలి ఉన్నట్టు. “జిగురున్నది, ఇంక కాలె,” అనేవాడు. వేళ్లు పొడిగా విడిపోతే, “పొయ్యొచ్చు,” అనేవాడు. తీపి మిగిలి ఉండగా సీసా మూత బిగిస్తే, లోపల ఈస్టు ఆ తీపిని తింటూ గాలి పుట్టిస్తూనే ఉంటుంది. గాలికి దారి ఉండదు. చివరికి గాజే దారి ఇస్తుంది.

నేను ఒంగోలు దగ్గర టిఫిన్ హోటల్లో పెనం ముందు పెరిగినవాణ్ని, ఇంటర్ తప్పినవాణ్ని. ఈ దేశం వచ్చిన మొదటి నెలలో, చలికి తాళలేక దారిలో కనిపించిన భవనంలోకి దూరితే అది లైబ్రరీ. కౌంటర్లో డోలరెస్ అనే ఆవిడ నా పేరు అడిగి కార్డు చేతిలో పెట్టింది. పిల్లల బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టి ఏడాది తిరిగేసరికి చరిత్ర, మోటార్లు, వైద్యం, ఏది దొరికితే అది చదివేశాను. అర్థం కాని మాటలు నోటుబుక్కులో రాసుకుని మళ్లీ సోమవారం, రెస్టారెంటుకు సెలవురోజున, వెళ్లి డోలరెస్‌ను అడిగేవాణ్ని. నాకు కాలేజీ అదే, ఆ మాట ఇప్పటికీ గర్వంగానే చెబుతాను. అయితే ఆ వయసులో చదివింది చదివినట్టు ఇంట్లో వాళ్ల మీద దించేవాణ్ని. రఘు కాఫీ కలిపే తీరు తప్పు, మామ నడుముకు రాసుకునే తైలం తప్పు, అన్నింటికీ నా దగ్గర పేజీ నంబరు ఉండేది. మామ నాకు ‘లైబ్రరీ సారు’ అని పేరు పెట్టాడు. ఆయన అనే తీరులో వెక్కిరింత ఎంతో, మురిపెం ఎంతో విడదీయలేం.

బీరు కాయడం గురించిన పుస్తకం కూడా లైబ్రరీలో దొరికింది. అందులో చదివే హైడ్రోమీటర్ తెప్పించాను, పొడుగాటి అట్టగొట్టంలో వచ్చింది. జానెడు గాజుగొట్టం, లోపల గీతలున్న కాగితం, అడుగున బరువు.

మామ దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. “థర్మామీటరా? ఎందుకు, బీరుకు జరమొచ్చిందా?”

“తీపి కొలిచేది మామా.”

“గందుకు నాకు నాలిక లేదా?”

అది నీళ్లలో వేస్తే వెయ్యి అనే గీత దగ్గర నిలుస్తుంది. తీపి ఎక్కువైతే గొట్టం పైకి తేలుతుంది, అంకె పెరుగుతుంది. ఈస్టు తీపిని తినేకొద్దీ గొట్టం మునుగుతుంది, అంకె తగ్గుతుంది. వెయ్యి వదిలేసి పైనున్న అంకె చెప్పుకుంటే చాలు. రెండు రోజుల ఎడంతో చూసినా అదే అంకె వస్తే పని పూర్తయినట్టు అని నోటుబుక్కులో రాసుకున్నాను, కింద గీత కూడా గీశాను. పుస్తకం ఇంకెవరికో కావాలట, గడువు పెంచలేదు, తిరిగి ఇచ్చేశాను. నేను రాసుకున్నది ఆ పేజీ చివరి వాక్యం. పేజీ తిప్పలేదు.

ఆ చలికాలంలో రఘుకు క్లయింటు దగ్గరే పర్మనెంటు ఉద్యోగం దొరికింది. మూడు వారాల తర్వాత శనివారం ఇంట్లో స్నేహితులకు పార్టీ అన్నాడు. “మామా, ఈసారి స్టోర్ బీర్ లేదు. అందరికీ మీ బీరే పోస్తా. మన ఇంటి పరువు మీ చేతుల్లో ఉంది.” మామ ఆ పూట రెస్టారెంటులో గిన్నెలు కడుగుతూ పాట పాడాడు. తాను చేసినదాన్ని ఈ దేశంలో ఒకరు నోరు తెరిచి అడగడం ఆయనకు అదే మొదలు. అప్పటికే బకెట్‌లో ఒక దఫా పనిలో ఉంది. సీసాల్లో పోశాక రెండు వారాలు ఆగాలి కాబట్టి, వచ్చే సోమవారం మూతలు పడితేనే పార్టీకి అందుతుంది. రఘు ఆ మాట మామను అడగకుండా నన్ను అడిగాడు. “బుక్ ప్రకారం సోమవారానికి రెడీ,” అని నేను మాట ఇచ్చేశాను.

ఆ వారం చలి ఎంత ముదిరిందంటే బేస్‌మెంటు కిటికీ లోపలివైపు కూడా మంచు పట్టింది. బకెట్టు ఆ కిటికీ కిందే ఉంది. మొదటి రోజు అంకె నలభై ఎనిమిది. శుక్రవారం ఇరవై రెండు. ఆదివారం ఇరవై రెండు. సోమవారం పొద్దున రఘు వెళ్లాక మళ్లీ చూశాను, ఇరవై రెండే.

“ఇయ్యాల ఒద్దు,” అన్నాడు మామ. “ఇంక కాలె.”

“మూడుసార్లు చూశాను మామా. అంకె కదలట్లేదు. అయిపోయినట్టే.”

“కదుల్తలేదంటే అయిపోయినట్టేనా? పండుకున్నోడు గూడ కదలడు.” చుక్క వేళ్ల మధ్య రుద్ది నా మొహం ముందు పెట్టాడు. బొటనవేలూ చూపుడువేలూ విడిపోవడానికి ఇష్టం లేనట్టు మెల్లగా విడిపోయాయి. “చూసినవా జిగురు? సలికి పండుకున్నది. పైకి తీస్కపోయి ఎచ్చగ పెడ్దం, మల్ల లేస్తది. నీ దోసెపిండి సలికి పొంగుతదా, చెప్పు?”

పొంగదు. అది నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ చలికాలమంతా ప్రతి సాయంత్రం పిండి డబ్బాలను రెస్టారెంటు ఓవెన్‌లో పెట్టి, లోపలి లైటు వేసి, దాని వెచ్చదనంతో పొంగించినవాణ్ని నేను. ఒక్కరోజు లైటు మరిచిపోతే పొద్దునకు పిండి రాయిలా పడి ఉండేది. ఏ పుస్తకమూ చూడకుండా వేలు ముంచి చెప్పేవాణ్ని, ఇంకో రెండు గంటలు ఆగాలని. అయినా మామతో ఏమన్నానో ఒక్క అక్షరం తేడా లేకుండా గుర్తుంది.

“పిండి వేరు, బీరు వేరు మామా. ఇది సైన్సు.”

“నేను పుట్టినకాడ్నించి గిదే పని చేసిన సారూ. ఇంక కాలె.”

“మీరు చేసింది కల్లు. కల్లుకి పుస్తకం లేదు. దీనికి ఉంది.”

మామ భుజం మీది తువ్వాలు తీసి ఆ రెండు వేళ్లనూ తుడుచుకున్నాడు. బకెట్ దగ్గర గొంతుక్కూర్చుని, నాతో కాదు, దానితోనే అన్నట్టు, “ఇంక కాలె,” అన్నాడు. మూడోసారి అది. తర్వాత లేచి, రెస్టారెంటు నుంచి తెచ్చి లేబుళ్లు నానబెట్టి గీకిన ఖాళీ సీసాలను ఒక్కొక్కటే వేడినీళ్లతో తొలిచాడు. సీసాలో నురుగు పుట్టడానికి కొలిచి వేసే పంచదార నీళ్లు కాచి నేనే కలిపాను. ఆయన సీసాలు అందించాడు, నేను మూతలు బిగించాను. నలభై ఎనిమిది. సీసాలు వెచ్చగా ఉండాలని కూడా పుస్తకంలో ఉంది కాబట్టి, రెండు అట్టపెట్టెలూ ఇల్లు వేడిచేసే ఫర్నేసు పక్కన పెట్టించాను. మామ చెప్పినట్టు ముందే వెచ్చబెట్టి ఉంటే మిగిలిన తీపి బకెట్‌లోనే అయిపోయేది. నేను దాన్ని గాజులో బిగించి, ఆ తర్వాత నిద్రలేపాను.

సరిగ్గా వారానికి, మళ్లీ సోమవారం పొద్దున, నేను వంటింట్లో ఉప్మాకు రవ్వ వేయిస్తుంటే కింద తలుపు కొట్టినట్టు ఒక చప్పుడు అయింది. కాసేపటికి ఇంకొకటి, గాజు రాలిన చప్పుడుతో. నేను స్టవ్ ఆపి మెట్ల వైపు వెళ్లబోతే మామ అడ్డొచ్చాడు. “సారూ, నీకు కండ్లతోని పనున్నది. నువ్వీడనే ఉండు,” అన్నాడు. తువ్వాలు మొహానికి చుట్టుకుని దిగాడు. ఫర్నేసుకు నిప్పు ఉంటుంది, పెట్టెలను దూరంగా లాగాలని ఆయన ఆలోచన. మొదటి పెట్టె లాగాడు. రెండోది తడిసి అడుగు ఊడిపోతే, జారిపోతున్న సీసాను కుడిచేత్తో పట్టుకున్నాడు.

ఆసుపత్రిలో బొటనవేలికీ చూపుడువేలికీ కుట్లు వేశారు. వేళ్లు దక్కాయి. వాటి కొసల్లో స్పర్శ మాత్రం తిరిగి రాకపోవచ్చని డాక్టరు చెబితే, ఆ మాట మామకు తెలుగులో చెప్పాల్సిన పని నా మీద పడింది. డ్యూటీ బట్టలతోనే పరిగెత్తుకొచ్చిన పద్మక్క మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“ఎవరు మూతలు పెట్టమన్నరు? ఎవరిదీ తెలివి?”

నేను నోరు తెరిచాను. మామ నావైపు చూడను కూడా చూడలేదు. “నేనే చెల్లె. ఆగబుద్ధి కాలె,” అన్నాడు.

ఇంటికి వచ్చేటప్పుడు కారులో అడిగాను, అలా ఎందుకు చెప్పారు మామా అని. “నిన్నన్నరనుకో, నువ్వు పుస్తకాలు బంద్ పెడ్తవ్. నన్నంటే నాకేం పోతది?” అన్నాడు. చెయ్యి నొప్పికి అప్పటికే కళ్లు మూసుకున్నాడు. అనుకున్న శనివారం పార్టీకి రఘు స్టోరు నుంచి బీరు తెచ్చాడు. బాంబుల సత్తయ్య కథ మొదటిసారి చెప్పింది ఆ రోజే. మామ కట్టు కట్టిన చేత్తోనే పకోడీల పళ్లెం తిప్పుతూ, అందరితో పాటు నవ్వాడు. నన్నంటే నాకేం పోతది అన్నాడు కాని, పోయింది. ఆ రోజు నుంచి ఆయన చేసే పని గురించి ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

తర్వాత ఆ పుస్తకం మళ్లీ లైబ్రరీకి వచ్చింది. తీసుకుని, నేను ఆపేసిన పేజీ తిప్పాను. మొదటి అంకెలో నాలుగోవంతు దగ్గరికి దిగకుండానే అంకె నిలిచిపోతే, చలికి ఈస్టు ఆగిపోయి ఉండవచ్చు, వెచ్చని చోటికి మార్చి వేచి ఉండండి అని అక్కడ ఉంది. నలభై ఎనిమిదికి పన్నెండు. మాది ఇరవై రెండు. పుస్తకం తప్పు చెప్పలేదు. పుస్తకమూ మామా ఒకే మాట చెప్పారు. ఎండాకాలం రాగానే వేరే రెస్టారెంటులో పని చూసుకుని ఆ ఇల్లు వదిలేశాను. మామను పద్మక్క తన ఇంటికి తీసుకుపోయింది, నా గాజుగొట్టం ఆయన సామానుతోనే పోయింది. పండగలకు ఫోన్ చేసేవాణ్ని. “బాగున్న సారూ. ఏం చదువుతున్నవ్ ఇప్పుడు?” అనేవాడు ప్రతిసారీ. నేను చదువుతున్నదేదో చెప్పేవాణ్ని. చెప్పాల్సింది చెప్పకుండానే ముప్పై ఏళ్లు పండగలు అయిపోయాయి.

ఇప్పుడు నా మోకాళ్లు పెనం ముందు నిలబడ్డ ఏళ్లన్నీ గుర్తుచేస్తున్నాయి. లైబ్రరీకి ఇప్పటికీ పోతాను, కాని సగం చదివి కునుకు తీస్తాను. డోలరెస్ లేదు. పుస్తకాల బీరువాలు తీసేసిన చోట మెత్తటి కుర్చీలు వేశారు, వాటిలో అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. రఘు ట్యాంకులోని ఫ్లోట్ నా గాజుగొట్టం కంటే వెయ్యిరెట్లు నయమే అయి ఉంటుంది. అంకె నిలబడిందని అది గంటగంటకూ చెబుతుంది. ఎందుకు నిలబడిందో అది కూడా చెప్పదు. అప్పుడు అది చెప్పగలిగిన చెయ్యి మా ఇంట్లో ఒకటి ఉండేది.

నాలుగో రోజు అట్టగొట్టం విప్పాను. హైడ్రోమీటర్ పగల్లేదు. దాని చుట్టూ చుట్టిన కాగితాలు ఉన్నాయి, రాత్రిబడిలో నేర్చుకున్న పెద్ద పెద్ద అక్షరాలతో మామ రాసినవి. మొదలు 50. ఎనిమిది దినాలకు 14. పదకొండు దినాలకు 12. పద్నాలుగుకు 12. పద్మ ఏళ్లు, జిగురు లేదు. పోసిన. అలా దఫా కింద దఫా, ఎన్నో సంవత్సరాలవి. ఆయన రాతలో ఏళ్లంటే వేళ్లు. ఒకచోట అంకె మూడుసార్లు ఒకటే ఉంది, దాని పక్కన, పద్మ ఏళ్లకు జర ఉన్నదన్నది, ఆగిన, అని ఉంది.

ఈ అధ్యాయం ఇంతవరకూ రాసి, పద్మక్కకు ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించాను.

“డ్యూటీ నుంచి రాంగనే తలుపు కాడ నిలబడేటోడు,” అంది. “నా ఏళ్లకు తెలుస్తలేదు చెల్లె, జర రుద్ది చూడు అని. మందు ముట్టనిదాన్ని, నా చేతులు ఎప్పుడు చూసినా బీరు కంపు.” తర్వాత నన్ను అడిగింది. “అయితే మా అన్న తొందరపడలే.”

“లేదక్కా.”

“ఇంక కాలె అన్నడా?”

“అన్నాడు.”

“ఆయన ఉన్నప్పుడు ఈ మాట చెప్తే నీకేం పోయె తమ్ముడూ? గిన్నేండ్లు తిట్టిన నేను.”

ఫోన్ పెట్టేస్తుందేమో అనుకున్నాను. “రాయి,” అంది. “నా పేరు గూడ పెట్టు. నేను తిట్టిన్నని గూడ పెట్టు.”

పెట్టాను. ఇక ఈ అధ్యాయానికి రుణపడినవాళ్లను తలుచుకోవాలి. ఇంటర్ తప్పినవాడి చేతిలో కార్డు పెట్టి, ఏ ప్రశ్నకూ నవ్వని డోలరెస్‌కు కృతజ్ఞతలు. పరాయి దేశంలో ఒక మనిషికి అతని పని అతనికి తిరిగి ఇచ్చిన స్టాన్‌కు కృతజ్ఞతలు. ఇది అచ్చుకు ముందే పంపితే, రెండు రోజుల తర్వాత “ఇకమీద కథ మార్చి చెప్తాను” అని ఒక్క లైను రాసిన రఘుకు కృతజ్ఞతలు. అన్న కోసం అన్నేళ్లు తన వేళ్లు అరువిచ్చిన పద్మక్కకు, నేను రాసింది వినడం మధ్యలో ఆపనందుకు, కృతజ్ఞతలు. చివరగా సత్తయ్య మామకు. ఆ సోమవారం ఆయన ఇంకా కాలేదని మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ నాకు వినపడింది.